అనుదిన మన్నా, అంతులేని విద్య

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16వ అధ్యాయము, 2 రాజులు 6:1–7

ముంబయి నుండి వడోదరకు పోవు రైలుమార్గమున సూరతు నగరము దాటి ఉత్తరముగా కొంతదూరము పోగా కిమ్ అను చిన్న స్టేషను వచ్చును. అదే పేరుగల నది ఆ ప్రాంతమున పారి ఖంభాతు సింధుశాఖలో కలియును. అచ్చటి పారిశ్రామిక వాడలలో రేయింబవళ్లు మగ్గములు నడచుచుండును. కృత్రిమపు నూలుతో నేసిన చీరలకు సూరతు జిల్లా దేశమంతట పేరొందినది. ఆ పేరు వెనుక తెలుగువారి చెమటయు కలదు. తెలంగాణ జిల్లాలలో చేతిమగ్గముపై బ్రదుకు సాగక అనేక పద్మశాలి కుటుంబములు షోలాపురమునకు, భివండికి, సూరతునకు వలసపోయెను. సూరతులోని లింబాయత్ మొదలగు పేటలలో నేటికిని తెలుగు మాట వినబడుచున్నది.

అట్టి కుటుంబమొకటి కిమ్‌లో నున్నదని చదువరులు తలంచుదురు గాక. ఇది పేరుగల ఒక ఇంటి చరిత్ర కాదు. అనేక గృహముల అనుభవమును ఒక్క కప్పు క్రింద చేర్చి చెప్పిన ఉపమానము.

ఆ యింటి తండ్రి యౌవనమున వరంగల్లు ప్రాంతము నుండి వచ్చి నాడెతో నడచు మరమగ్గమును నడిపెను. మగ్గము క్షేమముగా నున్నదో లేదో చెవితోనే ఎరుగును. నాడె దెబ్బలో కొంచెము తేడా వచ్చినను కన్ను తెరువకయే లేచును. కండెలో నూలు అయిపోవక మునుపే చేయి చాచును. ఆ నైపుణ్యమునకు ఆ దినములలో విలువ యుండెను. తరువాత నీటి ధారతో పేకను విసరు మగ్గములు వచ్చినవి. నాడె మగ్గము నిమిషమునకు సుమారు 150 పేకలు వేయగా, నీటి మగ్గము 600కు మించి వేయును. యజమాని పాత మగ్గములను తూకమునకు అమ్మివేసెను. వాటితోకూడ ఆ తండ్రి చెవిలోని విద్యయు తూకమునకు పోయెను. ఆయన వస్త్రములు మడతపెట్టు పనిలో చేరెను.

బడికి పోవుచున్న కుమారుడు ఆ దినమున ఆ దృశ్యమును చూచెను. అరిగిపోవు ఇనుమును నమ్ముకొనరాదు, ఎన్నడును పాతబడని విద్యను నేర్వవలెనని తన మనస్సులో తీర్మానించుకొని కంప్యూటరు విద్య నభ్యసించెను. నేడతడు నలువది యేండ్లవాడు. నేత మిల్లులకు సాఫ్ట్‌వేరు వ్రాయును. ఏ మగ్గము ఎన్ని మీటర్లు నేసెనో, ఎన్నిమారులు ఆగెనో అతడు వ్రాసిన ప్రోగ్రాము లెక్కకట్టును.

అయితే పాతబడని విద్య యని తలంచినదే అన్నిటికంటె వేగముగా పాతబడుచున్నది. అతడు కష్టపడి నేర్చిన యాంగ్యులర్ జేఎస్ 2010లో వెలువడెను; 2016లో దాని స్థానమున వేరొకటి వచ్చెను; 2021 డిసెంబరుతో పాతదానికి మద్దతు నిలిచిపోయెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన పిమ్మట, ప్రోగ్రాములు వ్రాయు పనినే యంత్రము చేయజొచ్చెను. ప్రతి ఉదయమున అతని ఫోనులో ఒక క్రొత్త పేరు కనబడును. ప్రతి క్రొత్త పేరును తన్ను వెనుకకు నెట్టుచున్నట్లు అతనికి తోచును. రాత్రివేళ పాఠములను కొని దాచుకొనును. వాటిలో సగము తెరచి చూడనే లేదు. పక్కమీద పండుకొనినను నిద్రరాదు.

ఒక రాత్రి మిల్లువారి లెక్కల పేజీ తెరుచుకొనలేదు. ఎచ్చటనో ఒక చిన్న భాగమును క్రొత్తదిగా మార్చగా, దానిపై ఆధారపడిన పది భాగములు పడిపోయినవి. అతడు తొమ్మిది గంటలకు కూర్చుండెను. పది గంటలకు తండ్రి ఫోను చేత పట్టుకొని వచ్చెను. తన పింఛను బ్యాంకులో పడినదో లేదో చూచుకొనవలెనని ఆయన కోరిక.

“బిడ్డా, ఓటీపీ యని ఏదో వచ్చినది, వెంటనే పోయినది. మరల ఎట్లు తెప్పించవలెను?”

“ఎన్నిమారులు చెప్పవలెను బాపూ? ఇది నీకు రాదు, విడిచిపెట్టు” అని కుమారుడు తల యెత్తకయే పలికెను.

తండ్రి మారుమాటాడక వెడలిపోయెను. తెల్లవారుజామున రెండు గంటలకు తప్పు దొరకెను. మరునాడు పనిచోట అతనికంటె పదునైదేండ్లు చిన్నవాడైన సహోద్యోగి క్రొత్త సాధనమొకటి చూపుచుండగా ఇతడు రెండుమారులు తడబడెను. ఆ యువకుడు ఏ చెడు తలంపును లేకయే, “అన్నా, ఇది మీకు రాదు, విడిచిపెట్టుడి, నేను చూచుకొందును” అనెను. రాత్రి తాను తండ్రికిచ్చిన మాటయే పగలు తనకు తిరిగివచ్చెను. అతడు ఆ దినమంతయు అన్నము తినలేకపోయెను.

ప్రియ చదువరీ, ఈ బాధ కంప్యూటరు ముందు కూర్చుండువారికి మాత్రమే చెందినది కాదు. ఉపాధ్యాయురాలు, గుమాస్తా, నర్సు, సంఘకాపరి, వీరందరును నేడు ఈ బాధను ఎరుగుదురు. గనుక దీని మూలమును, దీనికి దేవుని వాక్యమిచ్చు ఆదరణను విచారించుట మేలు.

తండ్రి మగ్గమును కుమారుని కంప్యూటరును వేరు కుటుంబములవి కావు. 1804వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు లియోను పట్టణమందు జోసెఫ్ మారీ జకార్డు అనువాడు, రంధ్రములు చేసిన అట్టముక్కలను బట్టి పడుగు పోగులు తమంతట తామే లేచునట్లు ఒక మగ్గపు యంత్రమును సిద్ధపరచెను. అంతకుముందు బూషోను, ఫాల్కను, వొకాన్సను అనువారు చేసిన ప్రయత్నములపై అతడు కట్టెను. ఆ అట్టముక్కలనే చూచి ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830 దశకమున తన గణనయంత్రమును ఊహించెను. 1843లో ఏడా లవ్‌లేస్ అను స్త్రీ ఆ యంత్రముపై ప్రసిద్ధమైన వివరణలు వ్రాసెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ రంధ్రముల కార్డులతోనే లెక్కించెను. ఆ మార్గముననే నేటి కంప్యూటరు వచ్చెను. అట్లు కుమారుని వృత్తి తండ్రి వృత్తికి మనుమరాలు. జకార్డు యంత్రము వచ్చినప్పుడు లియోను నేతగాండ్రు తమ జీవనము పోవునని భయపడి దానిని ఎదిరించిరి. వారి భయమే కిమ్‌లోని తండ్రికి వచ్చెను. ఆయన భయమే నేడు కుమారునికి వచ్చెను.

తొట్రుపాటును క్రొత్తది కాదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్కు టూ అను గొప్ప యంత్రము సరిగా పనిచేయక పోగా వెదకిచూడ, లోపలి మీటలో ఒక చిమ్మటపురుగు చిక్కుకొనియుండెను. పనివారు దానిని దినచర్య పుస్తకమున అంటించిరి. 2016 మార్చిలో పదునొకండు పంక్తుల చిన్న ప్రోగ్రామును దాని రచయిత తీసివేయగా వేలకొలది పనులు నిలిచిపోయెను. 2024 జూలై 19న ఒక భద్రతా సంస్థ పంపిన తప్పు మార్పువలన సుమారు 85 లక్షల కంప్యూటర్లు స్తంభించెను; ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. లోకములోని మహా సంస్థలే తప్పిపోగా, కిమ్‌లోని ఒక్క మనుష్యుడు అన్నిటిని ఎరిగియుండవలెనని తన్ను తాను శిక్షించుకొనుట ఎందుకు? యోబు తన దినముల వేగమును చెప్పబూని నేతగాని నాడెనే తలంచెను (7:6). ఆ వేగమునకు అతడును వెరచెను. గనుక వెరచుట పాపము కాదు. వెరపు మనలను ఎచ్చటికి కొనిపోవునో దానిని చూచుకొనవలెను.

ఇప్పుడు అరణ్యములో ఇశ్రాయేలీయుల యొద్దకు పోవుదము. వారు ఐగుప్తులో ఎరిగిన ఆహారము అచ్చట లేదు. వెనుకటి విద్య పనికిరాలేదు. ముందటి దేశము ఇంకను కనబడలేదు. అట్టి స్థలమున దేవుడు వారికి మన్నా ననుగ్రహించెను. అందులో నాలుగు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఆ ఆహారమునకు పేరు ఒక ప్రశ్న. మంచు ఇగిరిపోయిన పిమ్మట నేలమీద కనబడినది ఏమో వారెరుగక ఒకరినొకరు అడిగిరి. ఆ అడుగుటలోనుండియే మన్నా అను పేరు వచ్చెను. నలువది సంవత్సరములు దేవుని ప్రజలు తమ అజ్ఞానమును ఒప్పుకొను పేరు గల ఆహారమును తిని బ్రదికిరి. దేవుడు వారిని దానికి నిందింపలేదు. తెలియదని చెప్పుట పనివానికి సిగ్గు కాదు. అది భోజనమునకు ముందు పలుకు మొదటి మాట. ఆ నలువది యేండ్ల పనివాడు తన చిన్నవాని యెదుట “నాకు తెలియదు, నేర్పుము” అని పలుకలేకపోవుటయే అతనికి ఆకలి తెచ్చెను.

రెండవది, అది ఆ దినమునకు చాలినంత మాత్రమే. రేపటికని దాచినవారి పాత్రలలో అది పురుగు పట్టి కంపుకొట్టెను. వారు సోమరులై దాచలేదు; భయపడి దాచిరి. నేటి విద్యయు అట్లే. ఈ దినపు పనికి కావలసినది ఈ దినమున శ్రద్ధతో నేర్చువాడు పుష్టినొందును. రేపు ఏమగునో యను భయముతో వంద పాఠములను కొని దాచుకొనువానికి అవి విద్య కావు, దాచిన మన్నాయే. వాటిని చూచినప్పుడెల్ల అతని హృదయము మరింత కలతపడును. ఇది నేర్వవద్దను బోధ కాదు. మన్నాను ప్రతి ఉదయము లేచి ఏరుకొనవలసియుండెను. ఎండ కాసిన పిమ్మట అది కరగిపోయెను. సోమరికి మన్నా దొరకలేదు. అయితే ఉదయమున లేచి ఏరుకొనుట వేరు, రాత్రియంతయు మేలుకొని భయపడుట వేరు.

మూడవది, ఏడవ దినమున మన్నా కురియలేదు. కొందరు అయినను వెదకుటకు వెళ్లిరి, వారికేమియు దొరకలేదు. ఆరవ దినమున రెండింతలు ఇచ్చిన దేవుడే ఏడవ దినమున పొలమును ఖాళీగా నుంచెను. విశ్రాంతి మనుష్యుని బలహీనతకు ఇచ్చిన మినహాయింపు కాదు. అది దేవుని పోషణపై వేసిన ముద్ర. ఒక దినము ఏరుకొనక యుండియు చావకుండుటవలననే, తమ్ము బ్రదికించినది తమ చేతులు కావని వారు నేర్చుకొనిరి. వారములో ఏడు దినములును ఫోను మ్రోగుచుండ, ఆదివార ఆరాధనలోను బల్లక్రింద తెరను చూచుకొను విశ్వాసి తన పోషకుడెవరో మరచుచున్నాడు. ఆరాధన ముగిసిన పిమ్మట చూచినను ఆ సందేశము అచ్చటనే యుండును.

నాలుగవది, కొలిచి చూడగా ఎక్కువ ఏరిన వానికి మిగులలేదు, తక్కువ ఏరిన వానికి కొదువ కాలేదు. వడిగా ఏరగలవాని చేతివేగము వృద్ధునికిని శిశువునకును భోజనమయ్యెను. ఒకే గుడారములో వారందరు తినిరి గదా! గుడారపు నిర్మాణమునకు దేవుడు బెసలేలును పిలిచి, నేతపనితో సహా సమస్త విధములైన పనులయందు తన ఆత్మచేత అతని నింపినప్పుడు, ఆ నైపుణ్యముతోకూడ మరియొకటి అతని హృదయమున నుంచెనని నిర్గమకాండము 35:34 తెలుపుచున్నది. అది ఇతరులకు నేర్పు మనస్సు. నేర్పు మనస్సు లేని నైపుణ్యము సగము వరమే.

దీనికి మన తెలుగునాటనే ఒక సాక్ష్యము కలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో చింతకింది మల్లేశం అను నేతబిడ్డ జన్మించెను. పోచంపల్లి చీరలకు నూలును ఆసు పోయుట స్త్రీల పని. మేకుల చుట్టు దారమును త్రిప్పుచు ఒక్క దినమున వేలమారులు చేయి చాచవలెను. తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూచి, పెద్ద చదువు లేని ఆ కుమారుడు అనేక వైఫల్యముల పిమ్మట 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. లోకముతో సమానముగా పరుగెత్తవలెనను తలంపుతో ఆ యంత్రము పుట్టలేదు. ఒక తల్లి నొప్పిని చూచిన కన్నులనుండి పుట్టెను. సాధనమును ప్రేమ పుట్టించినప్పుడు అది మనుష్యునికి దాసియగును. భయము పట్టుకొనినప్పుడు అది యజమానురాలగును.

మరియు యొర్దాను తీరమున జరిగిన చిన్న సంగతి యొకటి చూడుడి. ప్రవక్తల శిష్యులు ఇల్లు కట్టుకొనుటకు మ్రానులు నరకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అది ఎరవు తెచ్చినది. అతడు దానిని దాచక గట్టిగా మొరపెట్టెను. ఎలీషా అతని అజాగ్రత్తను గూర్చి ఒక్క మాటయు అనలేదు. గొడ్డలి ఏ చోట పడెనని మాత్రము అడిగెను. అతడు చోటు చూపగా ఇనుము తేలివచ్చెను. దానిని తీసికొనుమని ప్రవక్త చెప్పెను, అతడు తన చేయి చాచి తీసికొనెను. సిరియా సైన్యములను గుడ్డివారినిగా చేసిన అధ్యాయములోనే పరిశుద్ధాత్ముడు ఈ పోయిన పనిముట్టును వ్రాయించెను. పనివాని చిన్న కష్టము దేవునికి చిన్నది కాదు. నిందింపక “ఎచ్చట?” అని అడుగుట దైవజనుని లక్షణము.

ఇప్పుడు కిమ్‌లోని ఆ యింటికి మరల వత్తము. అన్నము తినని ఆ రాత్రి కుమారుడు తండ్రి మంచము ప్రక్కన కూర్చుండెను. క్షమాపణ చెప్పుటకు మాట రాక, “బాపూ, మగ్గము మీద పోగు తెగినప్పుడు నీవేమి చేయుచుంటివి?” అని అడిగెను.

తండ్రి కొంతసేపు ఆలోచించి, “మగ్గము ఆపవలెను బిడ్డా. నడుచుచుండగా ముడి పడదు. తెగిన చోటు వెదకవలెను. ముడి వేయవలెను. మరల నడుపవలెను. పడుగులో వేల పోగులుండును. తెగినది ఒక్కటే. తక్కినవి తెగలేదు గదా!” అనెను.

కుమారుడు తల వంచుకొనెను. పిమ్మట తండ్రి ఫోను తీసికొని, “ఎచ్చట ఆగినది బాపూ?” అని అడిగెను. ఇద్దరును మొదటినుండి చేసిరి. అప్పుడతనికి తెలిసినదేమనగా, తండ్రికి బుద్ధి చాలక కాదు. తెరమీది అంకెలు మిక్కిలి చిన్నవి, ఆయన చదువక మునుపే అవి మాయమగుచుండెను. కుమారుడు అక్షరములను పెద్దవిగా చేసెను. మూడవ మారు తండ్రి తానే అంకెలు వేసి, పింఛను పడినదని చూచి చిన్నపిల్లవానివలె నవ్వెను.

మరునాడు అతడు తాను వ్రాసిన మిల్లు ప్రోగ్రామును క్రొత్త కన్నులతో చూచెను. దాని అక్షరములును చిన్నవే. మగ్గముల యొద్ద నిలుచు పనివారిలో తండ్రివంటి వృద్ధులుండిరి; గుజరాతీ చదువుకొనని ఒడియావారును తెలుగువారును ఉండిరి. వారి కన్నులు అతనికి ఇంతకాలము జ్ఞాపకము రాలేదు. అతడు అక్షరములను పెద్దవిగా చేయ మొదలుపెట్టెను. పిమ్మట ఆ చిన్న సహోద్యోగి యొద్దకు పోయి, “తమ్ముడూ, నిన్నటిది నాకు తెలియలేదు, మరల చూపించుము” అని అడిగెను. ఆ మాట పలుకుట అతనికి కష్టమాయెను, అయినను పలికెను.

ఆ మనుష్యుని ఉద్యోగము పదియేండ్లు నిలుచునో లేదో ఈ ఉపమానము చెప్పదు. తండ్రి మగ్గము పోయినట్లు కుమారుని పనియు పోవచ్చును. విశ్వాసికి దేవుడు పాతబడని వృత్తిని వాగ్దానము చేయలేదు. తాను విడువనని వాగ్దానము చేసెను. తండ్రి మగ్గము పోయిన సంవత్సరమునను ఆ యింట పొయ్యి వెలిగెను గదా! ఆ సంవత్సరపు మన్నాను ఎరిగిన వృద్ధుడు ఇంటిలోనే యుండగా, కుమారుడు దాని సంగతి ఆయనను ఎన్నడును అడుగలేదు.

మరియు పని యొక్క అంతము ఎవని చేతిలోను లేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీ సొసైటీవాడైన ఆగస్టసు డిగ్రాంజి, ఆనందరాయరు సహాయముతో తెలుగులోనికి సువార్తలను అనువదింపబూని 1810లోనే మరణించెను. పనిని ప్రిచ్చెట్టు కొనసాగింపగా 1818లో క్రొత్త నిబంధన తెలుగున వెలువడెను. ఆ అనువాదమును పిమ్మట ఎందరో దిద్దిరి. పాతబడిన ఆ పని వ్యర్థమయ్యెనా? దానిమీదనే తరువాతివారు కట్టిరి. ఒకడు పడుగు వేయును, వేరొకడు పేక వేయును. వస్త్రమంతయు ఎరిగినవాడు ఒక్క ప్రభువే.

చదువరీ, ఈ దినమున నీయొద్దకు ఫోను పట్టుకొని వచ్చు వృద్ధులెవరు? “ఇది నీకు రాదు” అని నీవు ఎవరితో పలికితివి? రేపటికి దాచుకొనిన పాత్రను ఈ రాత్రి క్రింద పెట్టుము. మగ్గము ఆపుము, తెగిన చోటు చూడుము, ముడి వేయుము. ఉదయమున మన్నా నేలమీద నుండును.

ప్రార్థన: అనుదినము పోషించు తండ్రీ, వేగముతో పరుగెత్తలేక అలసిన నీ పనివారిని కనికరించుము. తెలియదని చెప్పు వినయమును, నేర్పు ఓర్పును, ఏడవ దినమున చేతులు దించు విశ్వాసమును వారికి దయచేయుము. వృద్ధులను తృణీకరించిన మాటలను క్షమించుము. పోయిన గొడ్డలిని తేల్చిన నీవు ప్రతి గృహమున ఈ దినపు కొరతను చూడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.